ఎండ్రికాయ కాపలా దేనికి: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, తొలకరి పడ్డాక

ప్రాజెక్టు ప్రశ్న ఇది. బొక్క వదిలి బయట మేస్తున్న ఎండ్రికాయ (మంచినీటి పీత), ఇంకో ఎండ్రికాయ వస్తుంటే ఏ క్షణాన ఇంటికి ఉరుకుతుంది? వచ్చేది తనకు దగ్గరైనప్పుడా, తన బొక్కకు దగ్గరైనప్పుడా?

కాగితం మీద గీసుకుంటే తేడా బయటపడుతుంది. మన ఎండ్రికాయ బొక్కకు తూర్పున 50 సెంటీమీటర్ల దూరంలో మేస్తోందనుకుందాం. పరాయిది ఒకటి పడమటి నుంచి వచ్చి బొక్కకు 20 సెంటీమీటర్ల దాకా చేరింది. అంటే మనదానికి అది ఇంకా 70 సెంటీమీటర్ల అవతలే ఉంది. ఇంకోటి తూర్పు నుంచి వచ్చి మనదానికి 30 సెంటీమీటర్ల దగ్గర నిలబడింది. బొక్కకు మాత్రం అది 80 సెంటీమీటర్ల దూరం. ఒంటి మీద భయమైతే రెండోదాన్ని చూసి ఉరకాలి. ఇంటి మీద బెంగైతే మొదటిదాన్ని చూసి ఉరకాలి.

సముద్రపు బురదలో బతికే ఫిడ్లర్ పీతల సంగతిలో దీనికి 2003లోనే జవాబు దొరికింది. యాన్ హెమ్మి, యోఖెన్ త్సైల్ అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో యుకా వోమెరిస్ అనే పీతల మీద ఈ ప్రయోగం చేసి 'నేచర్' పత్రికలో రాశారు. ఆ పీత శాస్త్రీయ నామం ఆ తర్వాత జెలాసిమస్ వోమెరిస్ అయింది. పీతలాంటి చిన్న డమ్మీలను నేల మీద లాగుతూ, పీత ఎప్పుడు కదులుతుందో కొలిచారు. తేలిందేమంటే, పీత లెక్కపెట్టేది డమ్మీకీ బొక్కకీ మధ్య దూరాన్ని. తానెక్కడ నిలబడి చూస్తోందన్నది దానికి రెండో మాట. పక్కింటి అరుగు మీద కబుర్లు చెబుతూ కూడా కన్ను సొంత ఇంటి తలుపు మీదే ఉంచే మనిషిలాగన్నమాట.

నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది ఆ తర్వాతి సంగతి. ఆ తలుపు పీతకు కనిపించదు. పీత కన్ను నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండున్నర అనుకుని లెక్క వేశాను. 50 సెంటీమీటర్ల దూరంలో ఒకటిన్నర సెంటీమీటర్ల బొక్క ఉంటే, ఆ ఎత్తు నుంచి దాని నిలువు కోణం డిగ్రీలో పదో వంతు కూడా రాదు. పీత కంటిలో చూపు బాగా పదునుగా ఉండే పట్టీ కూడా అంత సన్నని గీతను పట్టలేదు. అంటే కనబడే శత్రువుకూ కనబడని బొక్కకూ మధ్య ఎంత దూరముందో అది లెక్కగట్టి ఉరుకుతోంది. గోరంత మెదడు చేసే పని ఇది! నేను పిల్లలకు పాఠం చెప్పేది భౌతికశాస్త్రం. దూరాన్నీ దిక్కునూ కలిపి లెక్కకట్టే వెక్టర్ల కూడిక అంటే మా క్లాసులో సగం మంది మొహాలు తేలేస్తారు.

బొక్క ఎక్కడుందో దానికి ఎట్లా తెలుస్తుందంటే, బయల్దేరినప్పటి నుంచీ ఎటు ఎంత నడిచిందో లోపల్లోపల కూడుకుంటూ పోతుంది. మేస్తున్నంతసేపూ ఒంటి అడ్డు అక్షాన్ని బొక్క వైపే పెట్టుకుని ఉంటుంది కాబట్టి, ఇంటికి వెళ్ళాలంటే తిరగాల్సిన పని లేదు, పక్కకు పరుగు తీస్తే చాలు. 2009లో వాల్స్, లేన్ అనే ఇద్దరు ఇంటిదారిలో జారే షీటు పరిచారు. కాళ్ళు జారిన మేరకు పీత బొక్కదాకా రాకుండా ముందే ఆగి, అక్కడే బొక్క కోసం వెతికింది. అంటే దూరాన్ని అడుగుల లెక్కలో కొలుస్తోందన్నమాట.

ఆ పీతలు చూడాలంటే ఇటువైపు కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకు పోవాలి. మా దగ్గర సముద్రం లేదు. హనుమకొండ దగ్గరున్న ధర్మసాగర్ అవతల మా బావగారి పొలం ఉంది, పొలం ఒడ్ల నిండా ఎండ్రికాయలున్నాయి. ఈ మంచినీటి ఎండ్రికాయకూ అదే లెక్క ఉందా అని చూడాలి. చేతికింద అక్క కొడుకు ఉన్నాడు, ఇంటర్ రెండో సంవత్సరం, నీట్ కోచింగ్ నుంచి తప్పించుకోవడానికి ఏ పని చెప్పినా చేస్తాడు.

జూలై, నార్లు పోసిన రోజుల్లో

బొక్కలు వెతకడం నేననుకున్నంత తేలిక పని కాదు. ఒడ్డు మీద ఎలుక బొక్కలూ ఉంటాయి. ఎండ్రికాయ బొక్క ముందు అది తవ్వి తెచ్చిన బురద ఉండలు ఉండలుగా కుప్పపడి ఉంటుంది, లోపలి గోడ నున్నగా, తడిగా మెరుస్తుంది. ఎలుకది పొడి మట్టి, చెదిరి ఉంటుంది. ఎండాకాలమంతా ఇవి బొక్కలో లోతుకు దిగి, తడిని అంటిపెట్టుకుని ఉండి, వాన పడగానే పైకొస్తాయి. కాబట్టి జూన్ చివర, జూలై మొదట్లో కొత్త ఉండలున్న బొక్కలన్నీ మనుషులున్న ఇళ్ళేనని నమ్మొచ్చు.

మా బావకు ఈ వ్యవహారం మొదటినుంచీ రుచించలేదు. ఆయన లెక్కలో ఎండ్రికాయ అంటే బుంగ. రాత్రికి రాత్రి ఒడ్డులో బుంగ పడిందంటే మడిలో నీళ్ళన్నీ పక్కవాడి పొలానికి పోతాయి. "బామ్మర్దీ, మేము వాటిని పట్టి పులుసు పెట్టాలె అని చూస్తుంటే నువ్వు వాటికి డమ్మీలు చేసుకొచ్చి ఆడిపిస్తవా?" అన్నాడు. ఒప్పందం ఏమిటంటే, మేము గుర్తుపెట్టిన బొక్కలు ఉన్న ఒడ్డు ముక్క మాకు, మిగతాదంతా ఆయన ఇష్టం. ఆ ముక్కలో బుంగ పడితే పూడ్చే పని మాది. పురుగుమందు గుళికలు చల్లిన మడి పక్కన ఎండ్రికాయ మిగలదు కాబట్టి, ఈ పంటకు అటువైపు చల్లొద్దని కూడా అడిగాను. దానికి మాత్రం మా అక్క చేత చెప్పించాల్సి వచ్చింది.

జూలై, నాట్లు పడుతుండగా

పరికరం ఇట్లా కుదిరింది. చచ్చిపోయిన ఎండ్రికాయ డిప్పను ఎండబెట్టి, లోపల ఎం-సీల్ నింపి, కింద నున్నటి ప్లాస్టిక్ ముక్క అంటించాం. కాళ్ళు పెట్టలేదు. ఫిడ్లర్ పీతలతో చేసిన పనిలో కూడా కాళ్ళున్న బొమ్మలు అక్కర్లేకుండానే పీతలు స్పందించాయి. డమ్మీకి చేపల గాలం దారం కట్టి, రెండో చివర 12 వోల్టుల గేర్ మోటారు రీలుకు చుట్టాం. మోటారు నిమిషానికి 30 చుట్లు తిరుగుతుంది, రీలు వ్యాసం 4 సెంటీమీటర్లు. అంటే డమ్మీ సెకనుకు సుమారు 6.3 సెంటీమీటర్లు కదులుతుంది, ఒడ్డు మీద తీరికగా నడిచే ఎండ్రికాయ వేగానికి దగ్గరే. బండి బ్యాటరీ సరిపోయింది.

డమ్మీ ఎత్తు గురించి ఒక మాట. ఫిడ్లర్ పీతల ప్రపంచాన్ని దిగంత రేఖ రెండు ముక్కలు చేస్తుంది. రేఖకు పైన కదిలేది ఏదైనా పిట్ట కింద లెక్క, ప్రాణభయం. రేఖకు కింద కదిలేది తోటి పీత. 1997లో లేన్, లాండ్, త్సైల్ ఈ సంగతికి దొరికిన ఆధారాలన్నీ ఒకచోట కూర్చి రాశారు. ఈ ఏర్పాటులో ఉన్న తెలివి ఏమిటంటే, చదును నేల మీద తన ఎత్తే ఉన్న జీవి ఎంత దూరంలో ఉన్నా, ఎంత దగ్గరున్నా, చూసే కంటి మట్టాన్ని దాటి పైకి రాదు. కంటి కంటే ఎత్తున్నది మాత్రం ఎంత దూరంలో ఉన్నా రేఖను దాటే కనిపిస్తుంది. పీత దూరం కొలవక్కర్లేదు, సైజు పోల్చక్కర్లేదు. అందుకని మా డమ్మీని ఎండ్రికాయ నిలబడ్డ ఎత్తుకంటే తక్కువగా ఉంచాం. మేము మనుషులం కాబట్టి ఎట్లా చూసినా రేఖకు పైనే. ఒడ్డు దిగి, ఎరువుల సంచి పరుచుకుని, దూరంగా బోర్లా పడుకోవడం తప్ప దారి లేదు.

మూడు దారులు గీశాం. ఒకటి ఎండ్రికాయ ఉన్న వైపు నుంచి నేరుగా బొక్కకు. రెండోది బొక్క అవతలి వైపు నుంచి. మూడోది ఎండ్రికాయకు దగ్గరగా పోతూ బొక్కను దూరంగా వదిలేసేది. మొదటి దారి ఒక్కటే పెట్టుకుంటే రెండు దూరాలూ కలిసే తగ్గుతాయి, ఏది పని చేసిందో ఎప్పటికీ తేలదు. అసలు ప్రాజెక్టు బలమంతా రెండో, మూడో దారుల్లో ఉంది.

ఆగస్టు

పగటిపూట రన్‌లు, అంటే డమ్మీని ఒక్కోసారి లాగి చూడటం. మేము ఒడ్డు మీద అడుగు పెట్టేసరికే బొక్కలు ఖాళీ. కనపడకుండా వెనకనుంచి వచ్చినా అంతే. అప్పుడు పక్కమడి బురదలోకి దిగి, వంగి నడిచి చూశాం. ఎండ్రికాయ కదల్లేదు. సంగతి చూపుది కాదు, నేల అదురుది.

దీన్ని కొలవడానికి ఫైఫాక్స్ యాప్ పెట్టాం. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు భౌతికశాస్త్రం ప్రయోగాల కోసం చేసిన ఉచిత యాప్ ఇది, ఫోన్‌లో కదలికను, అదురును పట్టే యాక్సెలరోమీటర్ చూపించే అంకెలను గ్రాఫుగా గీస్తుంది. ఫోన్‌ను బొక్క పక్కన ఒడ్డు మట్టికి అదిమి పెట్టి, అల్లుణ్ణి నడవమన్నాను. ఒడ్డు మీద నడిచినప్పుడు ప్రతి అడుగుకూ ఒక ముల్లు లేచింది. బురదలో నడిచినప్పుడు గీత దాదాపు నిశ్చలం. తడి బురద అదురును మింగేస్తుంది, గట్టిపడ్డ ఒడ్డు మోసుకుపోతుంది. ఫిడ్లర్ పీతల కాళ్ళలో కూడా నేల కంపనాన్ని పట్టే అవయవాలున్నాయి, మగవి బొక్క దగ్గర నేలను దబదబ కొట్టి ఆడవాటికి కబురు పంపుతాయి. అంటే ఈ ఇంద్రియం ఎండ్రికాయల జాతిలో కొత్తదేం కాదు.

దీనితో మోటారు చోటు మారిపోయింది. ఒడ్డు మీద పెట్టిన గేర్ మోటారు గరగరమంటూ ఎండ్రికాయకు ముందే కబురు చెబుతోంది. మోటారును పక్కమడిలో ఒక పలక మీద, కింద పాత ట్యూబు ముక్కలు పరిచి పెట్టి, దారాన్ని చిన్న కప్పీ మీదుగా ఒడ్డు ఎక్కించాం. ఇప్పుడు ఫోన్ గ్రాఫులో మోటారు తిరుగుతున్నదీ లేనిదీ తెలియడం లేదు.

ఆ తర్వాత పగటి రన్‌లు కుదిరాయి గానీ, ఇంకో చిక్కు వచ్చింది. పగలు ఇవి ద్వారం దాటవు. గుమ్మంలో కూర్చుని, సగం ఒళ్ళు నీడలో, సగం వెలుతురులో ఉంచి, కళ్ళు మాత్రం బయటపెట్టి చూస్తుంటాయి. ఒక పెద్ద మగదాన్ని నేను గంటసేపు చూశాను. కుడి డెక్క ఎడమదానికి రెట్టింపు ఉంది. నోటి దగ్గర నురగ బుడగలు లేస్తున్నాయి, పగులుతున్నాయి. ఈగ వాలితే ఒక కన్ను మడిచి గూట్లో పెట్టుకుంటుంది, రెండోది నిలబడే ఉంటుంది, మళ్ళీ మొదటిది లేస్తుంది. డమ్మీ దగ్గరికొచ్చినప్పుడు డెక్కలు రెండూ వెడల్పుగా చాచి, ద్వారాన్ని నిండా మూసింది. కానీ ఎండ్రికాయ బొక్కలోనే ఉంటే రెండు దూరాలూ ఒక్కటే. చూడ్డానికి బాగుంది, ప్రశ్నకు మాత్రం పనికిరాదు.

ఆగస్టు చివర, రాత్రులు

ఇవి మేతకు బయటపడేది చీకటి పడ్డాకే. కాబట్టి మేమూ రాత్రికి మారాం. మోకాళ్ళ దాకా గంబూట్లు, చేతిలో కర్ర. వరి ఒడ్డు మీద రాత్రి తిరగడమంటే కట్లపాము గురించి ఆలోచించకుండా ఉండటం కుదరదు. మా అక్క ప్రతిసారీ ఫోన్ చేసి "గంబూట్లు వేసుకున్నరా" అని అడుగుతుంది.

వెలుతురుకు టార్చిలకు ఎర్ర జిలెటిన్ కాగితం మూడు పొరలు చుట్టాం. తెల్ల వెలుగు పడితే ఎండ్రికాయ బిగుసుకుపోతుంది. ఎర్ర వెలుగులో మేత ఆపలేదు. కెమెరా పైనుంచి, వెదురు కర్రకు కట్టి నిలువుగా కిందికి చూసేలా పెట్టాం. నేల మీద పది సెంటీమీటర్లకొక మేకు దిగ్గొట్టాం, కొలతకు అదే స్కేలు. వీడియో సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి ఒక్కో ఫ్రేముకు డమ్మీ 2 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే కదులుతుంది. ఎండ్రికాయ ఉరకడం మొదలుపెట్టిన ఫ్రేములో రెండు దూరాలూ కొలవాలి: డమ్మీ నుంచి ఎండ్రికాయకు, డమ్మీ నుంచి బొక్కకు. కొలిచేది ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో. ఈ పని అల్లుడిది, ఫ్రేములు చూసీ చూసీ వాడి కళ్ళు కూడా కాడల మీద లేచి నిలబడేలా ఉన్నాయి.

ఒకే ఎండ్రికాయకు వెంటవెంటనే డమ్మీ చూపిస్తే అది పట్టించుకోవడం మానేస్తుంది. హెమ్మి, మెర్‌క్లె 2009లో ఫిడ్లర్ పీతల్లో ఇదే అలవాటుపడటాన్ని కొలిచారు. పిట్టలాంటి డమ్మీ పదేపదే పోతుంటే పీతలు దానికి స్పందించడం తగ్గించాయి. అందుకని ఒక బొక్కకు ఒక రన్ అయ్యాక, ఒడ్డు చివరిదాకా పోయి మిగతావన్నీ ముగించుకుని వస్తేనే మళ్ళీ దాని వంతు. పొట్ట కింద పిల్లలున్న ఆడవాటిని పూర్తిగా వదిలేశాం. మంచినీటి ఎండ్రికాయలకు సముద్రపు పీతల్లాగా నీళ్ళలో ఈదే పిల్లదశ ఉండదు, గుడ్డులోంచి బుల్లి ఎండ్రికాయే బయటికొచ్చి కొన్నాళ్ళు తల్లి పొట్టకు అంటుకుని ఉంటుంది. అట్లాంటి తల్లి నిర్ణయాలు వేరేగా ఉండొచ్చు, వాటిని ఇందులో కలిపితే లెక్క చెడుతుంది.

సెప్టెంబర్, పొట్టదశ

మొదటి గ్రాఫు గీశాం. బొక్క దూరం గనక నియమమైతే, ఉరికిన క్షణంలో డమ్మీ-బొక్క దూరాలన్నీ ఒకచోట గుమిగూడాలి, డమ్మీ-ఎండ్రికాయ దూరాలు చెల్లాచెదురుగా ఉండాలి. ఒంటి భయమే నియమమైతే తలకిందులు కావాలి.

మూడో దారిలో, అంటే డమ్మీ ఒంటికి దగ్గరగా పోయి బొక్కను వదిలేసినప్పుడు, చాలావరకు ఎండ్రికాయలు ఉరకలేదు. కొంచెం పక్కకు జరిగి, డెక్క ఎత్తి చూపించి, మళ్ళీ మేతలో పడ్డాయి. రెండో దారిలో, డమ్మీ అవతలి వైపు నుంచి బొక్కను సమీపిస్తే, తనకు చాలా దూరంగా ఉన్నా ఉరికొచ్చాయి. ఇది చూసి అల్లుడు ఎగిరి గంతేశాడు. నేనూ సంతోషించాను గానీ, చుక్కలు ఇంకా గుమిగూడటం లేదు. రెండో దారి చుక్కలే రెండు గుంపులుగా విడిపోయాయి.

గుంపులు ఎందుకో వీడియోలు మళ్ళీ చూస్తే తెలిసింది. ఒడ్డు చదును నేల కాదు. దానికి నెత్తి ఉంది, రెండు వాలులున్నాయి. కింద మడి వైపు నుంచి ఎక్కి వచ్చిన డమ్మీకి ఎండ్రికాయలు ఆలస్యంగా స్పందించి, డెక్కలు చాచి పోట్లాటకు నిలబడ్డాయి. నెత్తి మీది నుంచి దిగి వచ్చిన డమ్మీకి మాత్రం తొందరగా స్పందించి, నిలబడకుండా నేరుగా లోపలికి దూకాయి. వాలు మీద ఉన్న ఎండ్రికాయకు నెత్తి మీద ఉన్న డమ్మీ కంటి మట్టానికి పైన కనిపిస్తుంది. అంటే అది తోటి ఎండ్రికాయ కాదు, పిట్టో పిల్లో.

చదును నేల మీద ఈ కంటి మట్టం ఇంకో పని కూడా చేస్తుంది. రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు నుంచి చూస్తే మీటరు దూరంలో నేల మీదున్న వస్తువు పాదం రేఖకు దాదాపు 1.4 డిగ్రీల కింద కనిపిస్తుంది, అర మీటరుకు 2.9, పావు మీటరుకు 5.7. కోణం చూస్తే దూరం తెలిసిపోతుంది, ఒక్క కన్ను చాలు. బురద మైదానాల పీతలకు కళ్ళు దగ్గరదగ్గరగా, పొడుగాటి కాడల మీద నిటారుగా ఉండటానికి ఇదే కారణమని త్సైల్, నల్‌బాఖ్‌లు 1986లోనే రాశారు. రాళ్ళల్లో, ఎగుడుదిగుడు నేలల్లో తిరిగే పీతలకు కాడలు పొట్టి, కళ్ళ మధ్య దూరం ఎక్కువ. మా ఎండ్రికాయను దోసిట్లో పట్టుకుని చూస్తే రెండో రకమే. కళ్ళు డిప్ప ముందంచున ఎడంగా, పొట్టి కాడల మీద ఉన్నాయి. ఇది చదును ప్రపంచం కోసం పుట్టిన కన్ను కాదు. కోణం నుంచి దూరం లాగే ఉపాయం ఒడ్డు వాలు మీద చెల్లదు కూడా. అయినా ఇది బొక్కకూ డమ్మీకీ మధ్య దూరాన్ని ఏదో రకంగా పట్టుకుంటోంది.

అక్టోబర్, ఈ వారం

డేటాను వాలును బట్టి విడగొట్టాం. మడి వైపు నుంచి వచ్చిన రన్‌లను మాత్రమే చూస్తే, బొక్క దూరాలు గ్రాఫులో ఒక పట్టీలా దగ్గరపడ్డాయి. ఒంటి దూరాలు పరుచుకునే ఉన్నాయి. కాగితం మీద నాకు కావాల్సింది ఇదే. కానీ ఒడ్డు మీద ఎండ్రికాయలు బొక్కకు దూరంగా పోయిన సందర్భాలు తక్కువ, చాలావరకు రెండు మూడు జానల లోపే మేశాయి. బారెడు దూరం పోయినదాన్ని పరీక్షిస్తేనే ఈ పట్టీ నిలబడుతుందో లేదో చెప్పొచ్చు. ఫిడ్లర్ పీతలకు డమ్మీ పిట్టలను చూపించినప్పుడు, ఇంటికి దూరంగా ఉన్నవి దగ్గరున్నవాటికంటే ముందే ఉరికాయి, తిరిగి చేరడానికి పట్టే టైమును కూడా కలుపుకుని. ఆ తేడా ఇక్కడా ఉంటే నా పట్టీ వెడల్పులో కొంత దానిదే కావాలి.

ఇక ఒడ్డు మీద పని ఆపుతున్నాం. వరి ఈనింది, కోతల ముందు మడి ఆరబెడతారు, నేల గట్టిపడితే అదురు సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. చెరువు శిఖంలో (చెరువు లోపలి నేలలో) మాత్రం నీళ్ళు వెనక్కి తగ్గేకొద్దీ చదునైన తడి బురద బయటపడుతుంది, దాని అంచున బొక్కలున్నాయని చేపలు పట్టేవాళ్ళు చెప్పారు. మొన్న పోయి చూసొచ్చాను. ఉండలు తాజాగా ఉన్నాయి, బొక్కల మధ్య ఖాళీ ఎక్కువ, నెత్తి లేదు, వాలు లేదు. అదే ఎండ్రికాయ, అదే డమ్మీ, నేల ఒక్కటే వేరు. రెండు గుంపులు అక్కడ ఒక్కటైతే కంటి మట్టం గురించిన నా అనుమానానికి బలం వచ్చినట్టు. కాకపోతే రెండో దారిని మళ్ళీ మొదటినుంచీ చూడాలి.

పరికరంలో మార్చాల్సినవి: గాలం దారం బురదలో కూరుకుపోకుండా కప్పీ కింద వెడల్పు పలక, వెదురు కర్రకు బదులు తేలికపాటి పీవీసీ పైపు, డమ్మీ రెండోది, ఇంకొంచెం చిన్న సైజుది. బావ ఒడ్డులో ఒక బుంగ చూపించి, మా ముక్కలోదేనని గుర్తుచేశాడు. ఆదివారం పొద్దున అది పూడ్చి, సామాను ట్రాలీలో చెరువుకు చేర్చాలి.